నీళ్లలో అత్తమ్మ ముఖం

మా అత్తమ్మకు మూతి పక్కకు పోయిన రోజు నేను కాలేజీలో ఉన్నాను. హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో నా ఉద్యోగం. మా ఆయన ఫోన్ చేసి, అమ్మ పొద్దున చాయ్ తాగుతుంటే పెదవి చివర నుంచి కారి చీర మీద పడిందని, అద్దంలో చూసుకుని భయపడిపోయిందని చెప్పాడు. నేను ఆటో పట్టుకుని దవాఖానకు వెళ్లేసరికి ఆమె బెంచీ మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి కూడా కొంగు తీయలేదు.

డాక్టర్ పరీక్షించి, పక్షవాతం కాదని ధైర్యం చెప్పాడు. ముఖానికి పోయే నరం ఒకటి వాచిందని, మందులతో, ఎక్సర్‌సైజులతో చాలావరకు సర్దుకుంటుందని అన్నాడు. ఆయన అన్నట్టే నెలలు గడిచేకొద్దీ మాట స్పష్టమైంది, అన్నం తినడం మామూలైంది. కానీ ఎడమ కన్ను పూర్తిగా మూసుకోదు. నవ్వితే పెదవి కుడివైపే లేస్తుంది, ఎడమవైపు ఉన్నచోటే ఉండిపోతుంది. చూసేవాళ్లకు అది పెద్ద విషయం కాదు. ఆమెకు మాత్రం అదే పెద్దదైంది.

మాది వరంగల్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం. మామయ్య పోయాక గల్లా దగ్గర ఆమే కూర్చునేది. బేరం ఆమెది, బరువులు ఎత్తేది మా ఆయన. పల్లెల నుంచి పెళ్లి సామాను కొనడానికి వచ్చే ఆడవాళ్లు "అమ్మ ఉన్నదా?" అని అడిగి మరీ లోపలికి వచ్చేవాళ్లు. అట్లాంటి మనిషి దుకాణానికి రావడం మానేసింది. ఎందుకని మా ఆయన ఎంత అడిగినా చెప్పలేదు. ఒకరోజు కూరగాయలు తరుగుతూ నాతో అన్నది.

"ఎటు చూసినా నేనే కనబడతాన బిడ్డా. బిందెల నేనే, తాంబాళంల నేనే. ఒక్కోదాంట్ల ఒక్కో తీరు వంకర."

దుకాణంలో గోడలకు బారులు తీరిన గిన్నెలు, గంగాళాలు, పళ్లేలు ఎన్నిసార్లు చూశానో. వాటిలో ముఖం కనబడుతుందని నాకు ఎన్నడూ తట్టలేదు. ఇంట్లో కూడా బీరువా అద్దం మీద ఆమె ఒక తువ్వాలు వేసి ఉంచింది. ఫిజియోథెరపీ అమ్మాయి బుగ్గలు ఉబ్బించడం, కనుబొమలు ఎత్తడం లాంటివన్నీ నేర్పించి, అద్దం ముందు కూర్చుని చెయ్యమని చెప్పింది. అత్తమ్మ గోడవైపు తిరిగి చేసేది. కొన్నాళ్లకు అది కూడా తగ్గించింది.

ఇది జరగడానికి ముందు నుంచే నాకు ఫోటోల పిచ్చి మొదలై ఉంది. మా చెల్లెలు కొనుక్కుని వాడకుండా పడేసిన కెమెరా ఒకటి నాకిచ్చింది. హనుమకొండలో టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు ముగ్గురు స్టూడియోవాళ్లు కలిసి ఆదివారాలు ఎక్కడికో ఒకచోటికి వెళ్లి ఫోటోలు తీసే గుంపు ఉంది. నేనూ అందులో చేరాను. మాకందరికీ పెద్దదిక్కు ఒక సార్. పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పి రిటైరైన మనిషి. ఎండలో ఎంతసేపు నిలబడ్డా చొక్కా మడత నలగనివ్వడు. ఎవరి మీదా గొంతు పెంచడు. కానీ ఫోటో ఆయన చేతికివ్వాలంటే మాకు భయం.

ఆయనకు ప్రాణమంతా నీళ్లలో కనబడే నీడల మీదనే. తెల్లారకముందే ధర్మసాగర్ రిజర్వాయర్‌కు చేరుకుని, గాలి లేవకముందే తీయాలి. ట్రైపాడ్ మీద చిన్న మట్టం పెట్టి, అందులోని బుడగ సరిగ్గా నడుమకు వచ్చేదాకా దాని కాళ్లు సర్దేవాడు. గట్టు మీద తుమ్మచెట్టు, నీళ్లలో తుమ్మచెట్టు, రెండూ ఒకటే కొలతలో రావాలి. ప్రింటు చేతికి ఇవ్వగానే మొదట తలకిందులుగా పట్టుకుని చూసేవాడు. ఏది చెట్టో ఏది నీడో ఒక్క క్షణం తేల్చుకోలేకపోతే, అప్పుడు మెల్లగా తలూపేవాడు. ఆ తలూపు కోసం మేము చలిలో వణుకుతూ నిలబడేవాళ్లం.

నా ఫోటోలకు ఆ తలూపు అరుదు. నాకెందుకో కదిలే నీళ్లు ఇష్టం. వాన వెలిశాక బజారులో నిలిచిన నీళ్లలో ఆటోల ఎర్రలైట్లు సాగి, తెగి, మళ్లీ అతుక్కోవడం తీసేదాన్ని. సార్ వాటిని ఓపికగా చూసి, రోడ్డు అంచు వాలిందని, అసలు ఏదీ స్పష్టంగా లేదని చెప్పేవాడు. చూడ్డానికి బాగుంది కదా సార్ అంటే, బాగుండడం అదృష్టం, సరిగా ఉండడం పని అనేవాడు. నాకు కోపం వచ్చేది, కానీ మరుసటి ఆదివారం మళ్లీ ఆయన పక్కనే ట్రైపాడ్ వేసేదాన్ని. ఆయన దగ్గర నేర్చుకోనిదే నేను తీసేదాంట్లో ఏది అనుకుని చేసిందో, ఏది తప్పి వచ్చిందో నాకే తెలియదని అర్థమవుతూ ఉండేది.

ఆ చలికాలం ఒక ఆదివారం మా ఆయన సరుకు కోసం హైదరాబాద్ వెళ్లాడు. అత్తమ్మను ఇంట్లో ఒంటరిగా వదలబుద్ధి కాలేదు. నాతో రమ్మంటే వద్దంటుందనుకున్నాను. ధర్మసాగర్ అనగానే, అటు మనుషులుంటరా అని అడిగింది. ఆ పొద్దు మా గుంపు రావడం లేదు, ఎవరూ ఉండరని చెప్పాను. వస్తానంది.

మేము చేరేసరికి కొంచెం ఆలస్యమైంది. ఎండ పొడ వచ్చింది, గాలి లేచింది. గట్టు మలుపు తిరిగే చోట నీళ్లు చిన్న పాయలాగా లోపలికి వస్తాయి. నేను ఇవతల ఒడ్డున కెమెరా పెట్టుకుని గాలి ఆగుతుందేమోనని చూస్తున్నాను. నీళ్ల మీద తేలుతున్న ఎండుటాకు మీద ఫోకస్ సరిచూసుకున్నాను. అత్తమ్మ అవతలి ఒడ్డున రాళ్ల మీద కూర్చుని ఇంటినుంచి తెచ్చిన ఉప్మా తిన్నది. తిన్నాక చేయి కడుక్కోవడానికి నీళ్ల అంచుకు దిగి వంగింది. ఆమె చేయి తగలగానే నీళ్లన్నీ చెదిరాయి. అయ్యో అనుకుంటూ కెమెరాలోంచి చూశాను.

వంగిన మనిషి నేరుగా నాకు కనబడేది నెత్తి, కొంగు మాత్రమే. ముఖం కిందికి ఉంది. కానీ నీళ్లలో ముఖమంతా పైకి తిరిగి ఉంది. అల ఒకటి దాన్ని సాగదీస్తున్నది, ఇంకొకటి మళ్లీ దగ్గరకు తెస్తున్నది. ఎన్నో నెలల తర్వాత కొంగు అడ్డం లేకుండా ఆమె ముఖం చూస్తున్నానని అప్పుడు తట్టింది. మట్టం చూడలేదు, ఫోకస్ మార్చలేదు. నొక్కేశాను.

ఇంటికి వచ్చాక కంప్యూటర్‌లో చూస్తే ఆకు ఈనెలతో సహా స్పష్టంగా ఉంది. అత్తమ్మ ముఖం మసకగా, అలల్లో ముక్కలై ఉంది. అంచులు వాలిపోయాయి. అయినా చూపు అక్కడి నుంచి కదలడం లేదు. ముక్కుపుడక మెరుపు ఒక్కటి మూడు నాలుగు చోట్ల కనబడుతున్నది, ముఖం నీళ్లలో కరిగిపోతున్నట్టూ ఉంది, అప్పుడే పుడుతున్నట్టూ ఉంది. చూపించాలా వద్దా అని కాసేపు తటపటాయించి, చివరికి ఫోన్‌లో వేసి ఆమె చేతికిచ్చాను. నీడ కదా, తలకిందులుగా ఉంది. నిటారుగా చూద్దామని ఆమె ఫోన్‌ను తిప్పితే ఫోటో తనంతట తనే తిరిగి మళ్లీ తలకిందులైంది. ఆమె మళ్లీ తిప్పింది, అది మళ్లీ తిరిగింది. ఇద్దరం నవ్వాము. తిరగకుండా ఆపి ఇచ్చాక, దగ్గరకు పట్టుకుని చాలాసేపు చూసింది.

"మంచిగున్నది బిడ్డా. చూసినోళ్లు మూతి వంకర నీళ్లదనుకుంటరు."

ఆ రాత్రే మరిపెడలో ఉన్న వాళ్ల చెల్లెలికి దాన్ని పంపించమంది. జబ్బు చేసిన తర్వాత ఆమె తన ఫోటో ఒకరికి పంపడం అదే మొదలు. నేను తీసిన వాటన్నిట్లో అదే గొప్ప ఫోటో అని ఆ క్షణమే నాకు నమ్మకం కుదిరింది.

సార్‌కు చూపించినప్పుడు ఆయన ఎప్పటిలాగే తలకిందులు చేసి చూశాడు. మళ్లీ తిప్పి చూశాడు. ఎవరని అడిగాడు. చెప్పాను, జబ్బు సంగతి కూడా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఫోకస్ ఆకు మీద పెట్టావు కదా అన్నాడు. నీడ నీళ్ల మీద ఉండదని, మనిషి నీళ్లకు ఎంత ఎత్తున ఉంటే నీడ అంత లోతున ఉన్నట్టు లెక్కని, ఆకు మీద పెడితే ముఖం మసకబారక తప్పదని బొమ్మ గీసి చూపించాడు. అదంతా నాకు ముందే చెప్పిన పాఠమే. చివర ఇంకొక మాట అన్నాడు.

"ఫోటో మంచిగనే ఉన్నదమ్మా. కాని ఆమె ఏది? నాకు కనబడతలేదు."

నాకు చురుక్కుమంది. కనబడకపోవడమే ఆమెకు నచ్చింది సార్ అన్నాను. ఆయన వాదించలేదు. ఒప్పుకుంటే ఇంకొకసారి నిలకడ నీళ్లలో తీద్దాం, నేనూ వస్తానన్నాడు. అత్తమ్మ ఒప్పుకోదనే ధైర్యంతో అడిగి చూస్తానన్నాను. ఆమె మొదటి ఫోటో సంతోషంలో ఉండి, సరే పోదాం పా అన్నది.

ఈసారి చీకటి విడవకముందే చేరాము. సార్ స్కూటర్ మీద వచ్చాడు. మామూలుగా కొత్తవాళ్లు అత్తమ్మతో మాట్లాడేటప్పుడు ముఖం చూసి, గబుక్కున చూపు పక్కకు తిప్పుకునేవాళ్లు. జాలిపడి తిప్పుకునేవాళ్లే, చెడ్డవాళ్లు కారు. కానీ ఆమె కొంగు పైకి లాగడానికి అదే సరిపోయేది. సార్ అట్లా చేయలేదు. తుమ్మచెట్టును ఎట్లా చూస్తాడో ఆమెనూ అట్లానే చూశాడు, వెలుగు ఎటునుంచి పడుతుంది, ఏ వైపు నీడ వస్తుంది అన్నట్టు. ఏ కన్ను మూతపడదు, నీళ్లు కారతాయా, చల్లగాలికి నొప్పి పుడుతుందా అని నేరుగా అడిగాడు. ఆమె జవాబులు చెప్పింది. చెబుతూ చెబుతూ కొంగు వదిలేసిందని నేను గమనించాను, ఆమె గమనించినట్టు లేదు.

ఆమెను అవతలి ఒడ్డున నీళ్ల అంచు రాయి మీద కూర్చోబెట్టి, కొంచెం వంగమన్నాడు. కెమెరా నాదే, ట్రైపాడ్ ఆయనది. ఫోకస్ పోయినసారిలాగా నీళ్ల పైన కాకుండా నీడలోని కంటి మీద పెట్టించాడు. తెల్లవారింది. నీళ్లు గాజులాగా ఉన్నాయి.

"అమ్మా, నీళ్లల్ల ఈ కెమెరా నీడ ఎక్కడున్నదో చూడండి. జర దాన్నే చూస్తుండండి."

అట్లా చూస్తేనే నీడలోని కళ్లు మనల్ని చూస్తున్నట్టు వస్తాయని నాకు మెల్లగా చెప్పాడు. అత్తమ్మ కెమెరా కోసం నీళ్లలో వెతికింది. వెతుకుతూ ముందు తన ముఖాన్నే చూసుకుంది. ఒక్కసారి భుజాలు బిగుసుకున్నాయి. లేచిపోతుందేమో అనుకున్నాను. లేవలేదు. కాసేపు తననే చూసుకుంది, తర్వాత మెల్లగా చూపు జరిపి కెమెరాను వెతికి పట్టుకుంది. సార్ నాకు సైగ చేశాడు, నొక్కాను.

కెమెరా వెనక తెరమీద ఫోటో చూపిస్తే, ఆమె తీసుకుని చూసి, వెంటనే తిరిగి ఇచ్చేసింది. అందులో ఏదీ దాగలేదు. కిందికి జారిన పెదవి చివర, పెద్దదిగా కనబడే ఎడమ కన్ను, బుగ్గ మీద మచ్చ, నెరిసిన వెంట్రుక వెంట్రుకా ఉన్నాయి. కొంగు మళ్లీ నోటి మీదికి వచ్చింది. ఆ ఫోటోను నేను కంప్యూటర్‌లో ఒక మూల పడేశాను. సార్ మీద లోపల లోపల గుర్రుగానే ఉన్నాను.

కొన్నాళ్లకు మా గుంపు హనుమకొండలో ఒక హాలు తీసుకుని ఫోటోలు ప్రదర్శించింది. నేను మొదటి ఫోటోనే ఇచ్చాను. సార్ అడ్డు చెప్పలేదు, పైగా దాన్ని గోడకు తగిలించేటప్పుడు తన మట్టం తెచ్చి ఫ్రేము వాలకుండా సరిచేశాడు. అత్తమ్మ తనే వస్తానంది. మంచి చీర కట్టుకుని, కొంగు కప్పుకుని వచ్చింది. ఫోటో పక్కన కుర్చీ వేస్తే కూర్చుంది.

జనం నిజంగా మెచ్చుకున్నారు. పెయింటింగ్ లెక్క ఉందన్నారు. కాలేజీ అమ్మాయిలు దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగారు. నీళ్లు భలే వచ్చాయని ఒకాయన అన్నాడు. ఒకామె చాలాసేపు చూసి, ఇది దేవత ముఖమా, చెట్టు మొదలా అని నన్నడిగింది. పక్కనే కుర్చీలో ఉన్న మనిషిని ఒక్కరూ గుర్తుపట్టలేదు. ఒకరిద్దరు ఆమెను జరగమని అడిగి మరీ ఫోటో తీసుకున్నారు. నేను పొంగిపోతున్నాను, ఆ సంతోషంలో ఆమె వైపు ఎక్కువగా చూడలేదు.

ఆ సాయంత్రం అన్నం తింటూ ఆమె చెప్పింది.

"అందరు నీళ్లనే చూసిండ్రు బిడ్డా. నన్ను చూసినోళ్లు లేరు."

"మీకు అట్లుంటేనే మంచిగున్నదన్నరు కద అత్తమ్మా."

"అవ్, అన్న. అప్పుడు గట్లనే అనిపిచ్చింది." ఆమె అన్నం కలిపింది. "సారు తీపిచ్చింది ఉన్నదా, తీసేసినవా?"

కంప్యూటర్ తెచ్చి ముందు పెట్టాను. ఆ ఫోటోను నిటారుగా తిప్పి పెద్దది చేశాను. ఎంగిలి చేయి ఎండిపోతున్నా పట్టించుకోకుండా చూసింది. ఎడమచేత్తో తన బుగ్గ తడుముకుంటూ, తెరమీద బుగ్గను చూస్తూ, ఈ కన్ను ఇప్పుడు అప్పటికన్నా జర చిన్నగైంది కదా అని అడిగింది. నేను ఆమె ముఖం, ఫోటో రెండూ చూశాను. నిజమే, కొంచెం తేడా ఉంది. సార్ ఫోటో అంత స్పష్టంగా లేకపోతే ఆ తేడా పోల్చడానికి మాకు ఆధారమే ఉండేది కాదు. "ఏం దాయలే," అన్నది ఆమె. ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు ఆ గొంతు.

మరునాటి నుంచి ఎక్సర్‌సైజులు మళ్లీ మొదలుపెట్టింది. మొదట్లో ఆ ఫోటో ముందు పెట్టుకుని చేసింది, తర్వాత అద్దం ముందు కూర్చుంది. ముఖం పూర్తిగా మునుపటిలాగా కాలేదు, ఇక కాదని డాక్టర్ కూడా చెప్పాడు. ఎండలు ముదిరి పెళ్లిళ్లు మొదలయ్యాక, ఒకరోజు పొద్దున మా ఆయన బండి తీస్తుంటే వెనక ఎక్కి కూర్చుంది. ఆ రోజు నుంచి గల్లా దగ్గర మళ్లీ ఆమే.

సార్‌తో ఇదంతా చెప్పాను. ఆయన సంతోషించాడు, కానీ తను గెలిచానన్నట్టు ఒక్క మాట అనలేదు. ఆ రెండో ఫోటో ప్రింటు తీసుకురమ్మన్నాడు. తీసుకెళ్లి ఇస్తే తలకిందులు చేసి, నిటారుగా పెట్టి, కళ్లకు దగ్గరగా పట్టుకుని చూసి, నీళ్ల అంచు కుడివైపు వెంట్రుకవాసి కిందికి ఉందని కనిపెట్టాడు. మట్టం అప్పుడు సరిగా చూసుకోలేదని తనను తానే తిట్టుకున్నాడు. నేను నవ్వాపుకోలేకపోయాను.

ఏది మంచి ఫోటో అని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ మొదటిదే అంటాను. గోడ మీద పెట్టుకుని రోజూ చూడాలనిపించేది అదే. ఆమె ఎందుకు దాన్ని కాదనుకుందో నాకు అర్థమైంది, అయినా నా కన్ను మారలేదు. కన్ను మార్చుకోవాల్సిన అవసరం ఉందని కూడా నేననుకోను. ఇప్పుడు నీళ్ల దగ్గరికి వెళ్తే మట్టం వేసుకుంటాను, ఫోకస్ నీడ లోతున పెట్టుకుంటాను. ఆ తర్వాత గాలి వస్తే రానిస్తాను.

ఈ మధ్య మరిపెడలో అత్తమ్మ చెల్లెలి మనవరాలి నిశ్చితార్థం జరిగింది. అందరం వెళ్లాము. స్టేజీ మీద చుట్టాలను వరుసగా నిలబెట్టి ఫోటోలు తీస్తున్నారు. మా వంతు వచ్చింది. ఫోటోగ్రాఫర్ మంచివాడే, మర్యాద తెలిసినవాడు. అత్తమ్మ ముఖం చూసి, చుట్టూ ఉన్నవాళ్లకు వినబడకుండా దగ్గరికి వచ్చి, అమ్మా జర ఎడమకు తిరగండి, కుడివైపు మంచిగొస్తది అన్నాడు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆమె అతని భుజం మీద చేయి వేసింది.

"ఇట్లనే తియ్యి బిడ్డా. నేను గిట్లనే ఉంట."

అతను సరేనమ్మా అని వెనక్కి నడిచి, తీశాడు. ఆల్బమ్ ఇంకా తయారు కాలేదట. వాళ్ల చెల్లెలికి ఫోన్ చేసినప్పుడల్లా అత్తమ్మ ముందు దాని సంగతే అడుగుతున్నది.